పెయింటు డబ్బాలో వచ్చిన చిరుత

ఆ రోజు పొద్దున్నే కత్తెరాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. కాలనీ జనం నడకకు దిగేలోపు తోటలోకి వెళ్లాలి. పెయింటు డబ్బాలో ఉన్నదాన్ని పచ్చిక చుట్టూ అక్కడక్కడా వేయాలి. చేతులు శుభ్రంగా కడుక్కుని ఇంటికొచ్చి వేడివేడిగా కాఫీ తాగాలి. ఇందులో ఎవరికీ ఏ హానీ లేదనే ఆయన అనుకున్నాడు.

కత్తెరాయన అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదని వేరే చెప్పనక్కర్లేదు. కొండ కింద కట్టిన ఆ పెద్ద కాలనీకి ఆయన తోట సూపర్‌వైజరు. పొదలు కత్తిరించే పొడుగు పిడుల కత్తెర లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు కాబట్టి జనమే ఆ పేరు ఖాయం చేశారు. మధ్యలో పచ్చిక, చుట్టూ నడుమెత్తున కంచె మొక్కలు, వాటి వెనక మందారాలు, కాగితంపూలు, మెట్టతామరలు, అన్నీ ఆయన చేతిమీద పెరిగినవే. మొక్కలతో గంటలకొద్దీ మాట్లాడతాడు. మనుషులతో మాట్లాడాల్సి వస్తే మాత్రం ఆయనకు నోరు పెగలదు, అందులోనూ కాలనీ ప్రెసిడెంటు గారితో.

ప్రెసిడెంటు గారు రిటైరైన జడ్జి. ఇంట్లో కూరలో ఉప్పు తక్కువైనా ముందు వాదనలు విని, ఆ తర్వాత తీర్పు చెప్పే మనిషి. కొండ మీదినుంచి అడవిపందులు దిగి పచ్చికను దుక్కి దున్నినట్టు దున్నిపోయినప్పుడల్లా ఆయన కత్తెరాయనను పిలిపించి విచారణ జరిపేవారు. కిందటిసారి తీర్పు కూడా వచ్చేసింది.

"పూల ప్రదర్శన జరిగేలోపు ఆ పచ్చిక ఇంకొక్కసారి పాడైందా, మొత్తం పీకించి సిమెంటు పలకలు పరిపిస్తాను. పందులు సిమెంటు తినవు కదా?"

ఆ పలకల మాట విన్న దగ్గరనుంచి కత్తెరాయనకు కంటిమీద కునుకు లేదు. అలాంటి సమయంలో ఆదుకోవడానికి బావమరిది వచ్చాడు. బావమరిది ఆదుకోవడానికి రావడం ఆ ఇంట్లో అదే మొదలు. అంతకుముందు అతను కొన్నేళ్లపాటు ఉద్యోగం లేక అక్క ఇంట్లోనే ఉన్నాడు. ముందుగదిలో సోఫా మీద పడుకుని టీవీ చూసేవాడు, టీవీ చూస్తూ అక్కడే పడుకునేవాడు. ఆ కాలంలో కత్తెరాయన తన సొంత ఇంట్లో స్టూలు మీద కూర్చుని అన్నం తిన్నాడు. చివరికి జూలో చిరుతల బోన్లు కడిగి, వాటికి మాంసం వేసే ఉద్యోగం దొరికింది. అతను పెట్టె సర్దుకుని వెళ్లిన రోజున అక్క సంతోషంతో ఏడ్చింది. బావ సోఫాలో కాళ్లు బారచాపుకుని, చాలాసేపు ఏమీ చేయకుండా హాయిగా ఉండిపోయాడు.

"మా చిరుత బోను వైపు కుక్క కూడా రాదు బావా. వాసనకే పరార్," అన్నాడు బావమరిది. "దాని పెంట ఒక డబ్బా తెచ్చిస్తా. పచ్చిక చుట్టూ వేసి చూడు. పందులు మళ్లీ ఇటు తొంగిచూస్తే నన్నడుగు."

"అలా బయటికి తేవచ్చట్రా?"

"తేకూడదు. జూలోంచి పక్షి ఈక బయటికొచ్చినా ఉద్యోగం ఊడుతుంది. అందుకే పెయింటు డబ్బాలో తెస్తానంటున్నా."

"ఊడితే?"

"ఊడితే ఏముంది బావా? అక్క ఉంది, నువ్వున్నావు, సోఫా ఉంది."

ఆ మాటకు కత్తెరాయనకు ఒళ్లు జలదరించింది. అయినా సిమెంటు పలకలు గుర్తొచ్చి సరేనన్నాడు. ఇంట్లో ఆవిడకు చెప్పొద్దని ఇద్దరూ అనుకున్నారు.

అలా ఆ తెల్లవారుజామున పని ముగిసింది. అక్కడక్కడా వేయమని బావమరిది చెప్పాడు గానీ, నారు నాటడానికి అలవాటుపడ్డ చేయి ఊరుకోదు కదా. కంచె వెంబడి తాడు పట్టి కొలిచినట్టు, సమానమైన ఎడంలో, ఒకే సైజు కుప్పలు చక్కగా పేర్చాడు. వెనక్కి తిరిగి చూసుకుంటే ఆయనకే ముచ్చటేసింది.

పందులు రాలేదు. డాక్టరమ్మ వచ్చింది.

ఆవిడ రిటైరైన పళ్ల డాక్టరు. చేతికర్రతో నడకకు వచ్చి, దారిలో కనిపించిన ప్రతిదాన్నీ ఆ కర్రతో పొడిచి చూసే అలవాటుంది. కత్తెరాయన కాఫీ సగం తాగేసరికి తోటలోంచి కేకలు వినిపించాయి. పరుగున వెళ్లేసరికి డాక్టరమ్మ, వాచ్‌మన్, జడ్జి గారు ఒక కుప్ప చుట్టూ నిలబడి ఉన్నారు.

"కుక్కదేలెండి మేడమ్," అంటున్నాడు వాచ్‌మన్.

"నీ మొహం! ఈ ఎముక ముక్క చూడు. దీన్ని కొరికిన తీరు చూడు. జీవితమంతా పళ్లు చూసినదాన్ని, నాకు చెబుతావా? ఇది కుక్క పని కాదు. ఇంతింత కోరలుండాలి." ఆవిడ బొటనవేలు, చూపుడువేలు చాపి కొలత చూపించింది. వాచ్‌మన్ కుప్పకు దూరంగా జరిగాడు.

జడ్జి గారు కత్తెరాయన వైపు తిరిగారు. "ఏమయ్యా, తోట నీది. నువ్వేమంటావు?"

చెప్పాల్సిన క్షణం అదే. 'నేనే వేశాను సార్' అన్న మాట గొంతు దాకా వచ్చింది. అదే సమయానికి కళ్ల ముందు సోఫా కనిపించింది, దాని మీద దుప్పటి కప్పుకున్న ఆకారం కనిపించింది. ఆ మాట అక్కడే ఇరుక్కుపోయింది.

"పెద్ద జంతువుదే అయ్యుంటుంది సార్," అన్నాడు.

మధ్యాహ్నానికల్లా అటవీశాఖ రేంజరు వచ్చాడు. చాలా నెమ్మదైన మనిషి. "భయపడాల్సిందేమీ లేదు" అనకుండా మాట మొదలుపెట్టడు. ఆ తర్వాత ఆయన చెప్పేది వింటే మాత్రం గుండె ఆగుతుంది.

"భయపడాల్సిందేమీ లేదు. చిరుతే. బాగా ఎదిగినది," అన్నాడు మోకాళ్ల మీద కూర్చుని. తర్వాత టేపు తీసి కుప్పకూ కుప్పకూ మధ్య ఎడం కొలిచాడు. మళ్లీ కొలిచాడు. టోపీ తీసి తల గోక్కున్నాడు. "ఇవి సరిహద్దు గుర్తులండీ. ఈ తోటంతా నాదేనని చాటుకుంటోంది. కానీ నా సర్వీసులో ఇంత క్రమశిక్షణ ఉన్న చిరుతను నేనెప్పుడూ చూడలేదు."

కత్తెరాయన చెమట తుడుచుకున్నాడు. ఆ ఎండలో అందరికీ చెమటలు పడుతున్నాయి కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

ఇక కాలనీలో భయం పొద్దుకో వేషం వేసింది. పిల్లల సైకిళ్లు పడకగదుల్లోకి చేరాయి. ఆఫీసులకు వెళ్లేవాళ్లు తలుపు తీసి, అటూ ఇటూ చూసి, మూకుడు మూతో గొడుగో అడ్డం పెట్టుకుని కారు దాకా పరిగెత్తేవారు. వాచ్‌మన్ తన కుర్చీని గేటు పక్క గది కప్పుమీదికి ఎక్కించుకుని, పైనుంచే సలాములు కొట్టడం మొదలుపెట్టాడు. నీళ్ల మోటారు వేస్తే గాండ్రింపన్నారు. డాక్టరమ్మకు పొదలో రెండు కళ్లు కనిపించాయి. జడ్జి గారికి తోక కనిపించింది, అది ఎంత పొడుగుందో ఆయన చేతులు చాపి చూపించారు. చివరికి ఏమీ కనిపించలేదని చెప్పుకోవడం కాలనీలో నామోషీ అయిపోయింది.

ఆ కాలనీ మొత్తంలో చిరుతకు భయపడని మనిషి ఒక్కడే. లేని చిరుతకు ఆయనెందుకు భయపడతాడు? గొట్టం పట్టుకుని ఎప్పటిలాగే ఒంటరిగా తోటలోకి వెళ్లి, మొక్కలకు నీళ్లు పోసి, కత్తెర ఆడిస్తూ వచ్చేవాడు. బాల్కనీల్లోంచి జనం నోళ్లు తెరుచుకుని చూసేవారు. కానీ ఆయన భయం ఆయనకుంది. ఎవరు పలకరించినా ఉలిక్కిపడేవాడు. ఫోను మోగితే జూ వాళ్లేమోనని గుండె దడదడలాడేది. జడ్జి గారు దగ్గినా తనకేదో శిక్ష పడుతున్నట్టే ఉండేది.

ఇంట్లో ఇంకో గండం. భార్య గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"మొక్కలు ఎండితే ఎండనివ్వండి. అవి మళ్లీ మొలుస్తాయి, మీరు మొలవరు," అంది కళ్లనీళ్లతో. "మీకేమైనా అయితే నేనేం కావాలి?"

ఆ కన్నీళ్లు చూసి ఆయన కరిగిపోయాడు. గొంతు తగ్గించి అసలు సంగతంతా చెప్పేశాడు. ఆవిడ కన్నీళ్లు టక్కున ఆగిపోయాయి.

"అంటే చిరుత లేదా?"

"లేదు."

"ఈ మాట బయటపడితే వాడి ఉద్యోగం?"

"ఉండదు."

"అప్పుడు వాడెక్కడుంటాడు?"

ఇద్దరూ ఒకేసారి సోఫా వైపు చూశారు. ఆవిడ మెల్లగా దాని అంచున కూర్చుంది.

"ఆ ఉద్యోగం కోసం వాడెన్ని గడపలు ఎక్కి దిగాడో మీకు తెలియదండీ. మొదటిరోజు ఆ యూనిఫాం వేసుకుని అద్దం ముందు నిలబడి, 'అక్కా, నేను బాగున్నానా' అని అడిగాడు. చిన్నప్పుడు బడికి వెళ్లేటప్పుడు కూడా అలా అడగలేదు వాడు." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "మీరు నోరు విప్పడానికి వీల్లేదు. చిరుత ఉంది. ఉందంటే ఉంది. వెళ్లి మొక్కలకు నీళ్లు పోసుకోండి."

తమ్ముడి మీద ప్రేమ కొద్దీ ఆవిడ మొగుణ్ణి చిరుత నోట్లోకి తోసిందని పక్కింటివాళ్లు ఆ సాయంత్రం చెప్పుకున్నారట. సగం విని చెప్పుకునే మాటలు అలాగే ఉంటాయి.

ఉపాయం లేకపోలేదు. తెల్లవారగానే వెళ్లి మిగిలిన కుప్పలన్నీ అదే డబ్బాలోకి ఎత్తేస్తే, గుర్తులు లేని చిరుతను జనం నాలుగు రోజుల్లో మరిచిపోతారు. కత్తెరాయన తట్ట, పార సిద్ధం చేసుకుంటుండగా బావమరిది ఫోను చేశాడు.

"బావా, మొన్నటి సరుకు వాసన తగ్గిపోయుంటుందని ఇంకో డబ్బా తెచ్చాను. గేటు దగ్గర జనం మూగి ఉన్నారు, అందుకని వెనక గోడ మీంచే ఒంపేసి వచ్చేశా. నాకు థాంక్సులు చెప్పక్కర్లేదులే."

"వెనక గోడ అంటే ఎక్కడరా?"

"అదే, తెల్లరంగు మేడ లేదూ? దాని పక్కన."

తెల్లరంగు మేడ జడ్జి గారిది. కత్తెరాయన పార పట్టుకుని పరిగెత్తాడు. అప్పటికే జడ్జి గారు పడకగది కిటికీ ఊచలు పట్టుకుని నిలబడి ఉన్నారు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఏమయ్యా, అది నా కిటికీ కిందికే వచ్చింది. ఎన్నో శిక్షలు వేశాను నా సర్వీసులో. నా మీద కక్ష ఎవరికుందో ఇప్పుడెలా తెలుస్తుంది?"

"భయపడాల్సిందేమీ లేదు," అన్నాడు కబురందుకుని వచ్చిన రేంజరు ఆ కుప్ప చూసి. "ఇళ్లలోకి రావడానికి దారి వెతుక్కుంటోంది, అంతే."

అంతే అనుకుంటే సరిపోయేది. ఆ రోజే ఇనప బోను వచ్చింది, ఎరగా ఒక మేక వచ్చింది. మేకను బోనులో ఎవరు కట్టాలన్న ప్రశ్న వచ్చినప్పుడు అందరి చూపులూ ఒకే మనిషి మీదికి మళ్లాయి. మన వీరుడు మేకను భుజాన వేసుకుని పొదల మధ్యకు నడుస్తుంటే బాల్కనీల్లోంచి చప్పట్లు మోగాయి. మేక దారిలోనే ఒక మందారం కొమ్మ తినేసింది. చిరుత చేయని నష్టం మేక చేస్తోందని ఆయన లోలోపల ఏడ్చుకున్నాడు.

తర్వాత, రేంజరు ప్రయోగశాలకు పంపిన పెంట పరీక్ష ఫలితం వచ్చింది. రేంజరు అందర్నీ పోగేసి చెప్పాడు. "మగది. మంచి వయసులో ఉంది. కడుపులో ఒక్క పురుగు కూడా లేదట! అడవిలో తిరిగే జంతువు ఇంత ఆరోగ్యంగా ఉండటం మావాళ్లెవరూ చూడలేదు. వేళకు కడుపునిండా తింటోంది."

వేళకు తినిపించేది ఎవరో తెలిసిన మనిషి మెల్లగా జనం వెనక్కి జరిగాడు. "ఏం తింటోంది?" అని వాచ్‌మన్ కప్పుమీంచి అడిగాడు. అందరూ తమ తమ ఇళ్లలో మనుషుల్ని లెక్కపెట్టుకోవడానికి వెళ్లిపోయారు.

కత్తెరాయన మాత్రం రోజూ వెలుగు విచ్చీ విచ్చకముందే డబ్బా పట్టుకుని పొదల వెంబడి తిరిగి కుప్పలు ఎత్తేస్తున్నాడు. విచిత్రం ఏమిటంటే, అన్నీ ఎత్తేశానని ఇంటికొస్తాడా, మర్నాడు మెట్టతామరల దగ్గర ఇంకొకటి తాజాగా ఉంటుంది. ఒళ్లు మండిపోయి బావమరిదికి ఫోను చేశాడు.

"వద్దని చెప్పానా లేదా? మళ్లీ ఎందుకు వేశావురా?"

"నేను రాలేదు బావా. ఈ వారమంతా నాకు సెలవే లేదు."

"నీ సంగతి నాకు తెలియదా? అబద్ధాలాడకు."

పాపం, బావమరిది జీవితంలో నిజం చెప్పింది తక్కువ. చెప్పిన రోజున నమ్మేవాళ్లు లేకపోయారు. మర్నాడు కూడా కత్తెరాయన తిట్టుకుంటూనే వంగి ఎత్తుతున్నాడు. వెనక పొదలో ఏదో కదిలినట్టయింది. మేక తాడు తెంపుకుని మందారాల మీద పడిందేమోనని, తలైనా తిప్పకుండా, "ష్! పో అవతలికి! తన్నానంటే!" అని కసిరాడు. అది బుద్ధిగా ఊరుకుంది. పని ముగించుకుని ఇంటికొచ్చి కాఫీ తాగాడు.

ఆ పొద్దున్నే జేసీబీ వచ్చి తోట గేటు ముందు ఆగింది.

జడ్జి గారు క్లబ్బు వరండాలో అందర్నీ సమావేశపరిచి తీర్పు చదివారు. దాక్కోవడానికి పొదలుండబట్టే చిరుత ఉంటోంది. కాబట్టి కంచె మొక్కలు, మందారాలు, కాగితంపూలు, మెట్టతామరలు వేళ్లతో సహా పీకేయాలి. ఆ నేలంతా సిమెంటు పలకలు పరవాలి. పని ఈ రోజే మొదలు. జనం చప్పట్లు కొట్టారు. వరండా చివర భార్య పక్కన నిలబడ్డ కత్తెరాయనకు ఆ చప్పట్లు చెంపదెబ్బల్లా తగిలాయి. జేసీబీ ఇనప పళ్లు ఎండలో మెరుస్తున్నాయి. వాటి ముందే ఆయన నిన్న సాయంత్రం సమం చేసిన కంచె ఉంది.

అప్పుడే రేంజరు లాప్‌టాప్ తెరిచాడు. "భయపడాల్సిందేమీ లేదు. మేం ఈ పొదల్లో కెమెరాలు పెట్టాం. ఎవరూ కదిలించకూడదని ఎక్కడ పెట్టామో చెప్పలేదు. వాటి ముందు ఏది కదిలినా ఫొటో పడుతుంది. పొద్దుటి ఫొటోలు ఇప్పుడే చూశాను. మీరూ చూడాలి."

కత్తెరాయన పైప్రాణాలు పైనే పోయాయి. పొద్దున్న వంగి, డబ్బా పట్టుకుని, పార పట్టుకుని... ఇంకేముంది, అంతా అయిపోయింది. తోట పోతోంది, పరువు పోతోంది, బావమరిది ఉద్యోగం పోతోంది. ఫొటో చెప్పేలోపు తానే చెప్పుకుంటే కనీసం మొక్కలైనా బతుకుతాయి. భార్య చెయ్యి పట్టుకుని లాగుతున్నా విడిపించుకుని ముందుకు నడిచాడు. మనుషుల ముందు ఎన్నడూ పెగలని నోరు ఆ రోజు పెగిలింది.

"ఆ పెంట నాదే సార్!"

వరండాలో ఎవరో దగ్గారు.

"నాది అంటే నేను వేసింది... అంటే నేను తెచ్చి వేసింది. మా బావమరిది జూలో పనిచేస్తాడు. పందులు రాకుండా డబ్బాలో తెచ్చిచ్చాడు. తప్పు నాది, వాణ్ణేం అనకండి. ఇక్కడ చిరుత లేదు సార్. ఏనాడూ లేదు. నా మొక్కల్ని పీకకండి. మీ కాళ్లు పట్టుకుంటాను."

వెనక ఆయన భార్య కొంగులో మొహం దాచుకుంది. జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. కళ్లు చూసిన డాక్టరమ్మ, తోక చూసిన జడ్జి గారు మాత్రం ఎవరి మొహమూ చూడలేదు.

రేంజరు దగ్గరికొచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. "ముందు మీరు కూర్చోండి," అన్నాడు. "కూర్చున్నాకే చూడండి." లాప్‌టాప్ ఇటు తిప్పాడు.

ఫొటోలో అప్పుడప్పుడే తెల్లవారుతోంది. కత్తెరాయన మెట్టతామరల దగ్గర వంగి ఉన్నాడు, ఒక చేతిలో పార, ఒక చేతిలో పెయింటు డబ్బా. ఆయన వీపు వెనక, చెయ్యి చాపితే అందే దూరంలో, పొద పక్కన ఒక చిరుత ముందుకాళ్లు దగ్గరగా పెట్టుకుని కూర్చుని ఉంది. ఆయన కసిరినప్పుడు పడిన ఫొటోలా ఉంది. చెవులు వెనక్కి మడుచుకుని, పెద్దవాళ్లు తిడితే పిల్లలు చూసినట్టు చూస్తోంది.

కత్తెరాయన ఇన్నాళ్లూ రోజూ తాను ఒంటరిగా తిరిగిన ఆ పొదల వైపు ఒకసారి చూశాడు. మంచినీళ్లు తెచ్చినవాళ్ల చేతిలో గ్లాసు ఉండగానే ఆయన కుర్చీలోంచి కిందికి జారిపోయాడు.

తెలివొచ్చేసరికి తీర్పు అయిపోయింది. "సాక్షి చెప్పిన మాట కళ్లెదుట ఉన్న సాక్ష్యానికి పూర్తి విరుద్ధంగా ఉంది," అంటున్నారు జడ్జి గారు. తోక సంగతి రుజువైనందుకు ఆయన మొహం వెలిగిపోతోంది. "మొక్కల మీద మమకారం కొద్దీ, పాపం, సొంత బావమరిది మీద లేని నేరం మోపి, తన మీద కూడా వేసుకుని ఆడిన అబద్ధమిది. కొట్టివేస్తున్నాను. ఆ బావమరిది పేరు ఇక ఎవరూ ఎత్తకూడదు."

"ఎంత మంచి మనిషండీ," అంది డాక్టరమ్మ కళ్లు ఒత్తుకుంటూ.

"ఇంకో విషయం," అన్నాడు రేంజరు. "భయపడాల్సిందేమీ లేదు. ఫొటోలో ఉన్నది ఆడచిరుత. మనకు దొరికిన పెంటేమో మగదానిది. ఆ మగదాని వాసన పట్టుకుని ఇది కొండ మీంచి దిగొచ్చింది. అందుకే ఈయన పెంట ఎత్తుతున్న డబ్బా వెనకే తిరుగుతోంది. అంటే ఇక్కడున్నవి రెండు."

వరండాలో కుర్చీలన్నీ ఒక్కసారిగా వెనక్కి జరిగాయి. అదెలా వచ్చిందో, ఎవరు పిలిస్తే వచ్చిందో తెలిసిన మనిషి నేలమీద పడుకునే కళ్లు గట్టిగా మూసుకున్నాడు. లేని చిరుత ఉందని అబద్ధమాడితే, ఆ అబద్ధాన్ని చూసిపోదామని ఉన్న చిరుత వచ్చింది. ఇప్పుడు నిజం చెబితే నమ్మే నాథుడు లేడు. ఆయన భార్య పక్కనే కూర్చుని కొంగుతో విసురుతూ, చెవి దగ్గరికి వంగి, "చాలు, ఇంక ఏమీ చెప్పకండి," అంది. ఆయన తల ఊపాడు.

ఆ పెయింటు డబ్బాను రేంజరు బోనులో పెట్టించాడు. మర్నాడు ఆడచిరుత బోనులో డబ్బాను రెండు కాళ్ల మధ్య పెట్టుకుని పడుకుని ఉంది. మేక వైపు కన్నెత్తైనా చూడలేదు. లారీలో ఎక్కించి దూరపు అడవిలో వదిలిపెట్టారు.

జేసీబీ వచ్చిన దారినే వెళ్లిపోయింది. మగచిరుత దొరికేదాకా పొదల్లో ఒక్క ఆకు కూడా కదల్చడానికి వీల్లేదని, బెదిరితే ఎవరింట్లో దూరుతుందో చెప్పలేమని రేంజరు రాతపూర్వకంగా ఆదేశించాడు. సిమెంటు పలకల మీద జడ్జి గారే స్టే ఇచ్చారు. పందులూ మళ్లీ రాలేదు. పూల ప్రదర్శనలో తోటకు మొదటి బహుమతి వచ్చింది. న్యాయనిర్ణేతలు దాన్ని గేటు బయటినుంచే చూసి ఇచ్చారు. కత్తెరాయనకు ధైర్యసాహసాల పతకం కూడా ఇచ్చారు. పతకం అందుకున్న ఆ మనిషి అప్పటినుంచి తోటలోకి అడుగుపెట్టాలంటే ముందు వాచ్‌మన్‌ను పంపిస్తాడు, ఒక చేత్తో కత్తెర ఆడిస్తూ రెండో చేత్తో గోడ పట్టుకుంటాడు, వంగాల్సిన పని ఉంటే భార్యను వెనక కాపలా నిలబెడతాడు.

ఆ మగచిరుత కోసం అటవీశాఖ ఇప్పటికీ కొండంతా గాలిస్తూనే ఉంది. దానికి రోజూ సాయంత్రం మాంసం వేసేది మాత్రం బావమరిదే.